ముందు బోరింగు, తర్వాత ఆటో

శ్రోతలకు నమస్కారం.

నేను కంటి డాక్టరును కాను. ముందే చెప్పేస్తే మంచిది. పరకాల దిక్కు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పి రిటైరైన మాస్టారును. "కన్ను గురించి ఏదైనా మాట్లాడండి సార్, పదిహేను నిమిషాలు" అన్నారు రేడియో వాళ్ళు. కన్ను అంటే మాటలా? మోతిబిందు ఉంది, షుగరుతో వచ్చే కంటి జబ్బులున్నాయి, ఫోన్లు చూసి చూసి పిల్లలకు వస్తున్న కళ్ళద్దాలున్నాయి. అవి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు వస్తారు. నేను ఒక సున్నం పాకెట్టు గురించి, నల్లగుడ్డు చుట్టూ ఉండే ఒక సన్నటి గట్టు గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను.

ఆరేళ్ళ కిందటి మాట. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలంతా గ్రౌండులో ఉన్నారు. ఆరో తరగతి పిల్లాడొకడు, పేరు చెప్పను, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, ఎక్కడో కూర్చుని ఇది వింటూ ఉన్నా ఉంటాడు. వాడు నాయనమ్మ ఆకువక్క సంచిలోంచి సున్నం పాకెట్టు ఒకటి జేబులో వేసుకొచ్చాడు. మీరు చూసే ఉంటారు. కిరాణా కొట్లో అమ్ముతారు, బొటనవేలంత ప్లాస్టిక్ పాకెట్టు. నొక్కితే మెత్తగా వేళ్ళ మధ్య అటూ ఇటూ జారుతుంది. పిల్లలకు అదొక ఆట. వీడు ఇంకాస్త గట్టిగా పిసికాడు. ఒక మూల పగిలి, లోపలి సున్నమంతా చివ్వున లేచి కుడి కంట్లో పడింది.

నేను స్టాఫ్ రూంలోంచి పరుగెత్తుకొచ్చేసరికి రెండు చేతులతో కన్ను మూసుకుని నేల మీద దొర్లుతున్నాడు. నా జేబురుమాలు తీసి తుడిచాను. వంట చేసే ఆమె "కొబ్బరినూనె పొయ్యుండ్రి సారూ" అంది. గేటు దగ్గర ఎవరో "బాలెంత పాలు పిండితే చల్లబడ్తది" అన్నారు. అవేవీ నేను చెయ్యలేదు. చదువుకున్నవాణ్ణి కదా! రోడ్డు మీదికి ఆటో కోసం పరుగెత్తాను.

మా బడిలో బోరింగు ఉంది. పిల్లాడు పడిపోయిన చోటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. నేను దాని పక్కనుంచే పరుగెత్తాను.

ఆ క్షణాన నా మనసులో ఏముందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది మనసుల్లో అదే ఉంటుందని నా అనుమానం. చిన్నప్పుడు దసరాకు ఇంటికి సున్నం వేసేటప్పుడు మా నాయన గుంట తవ్వి, సున్నపురాళ్ళు వేసి, నీళ్ళు పోసేవాడు. కుతకుతా ఉడికేది. పొగలు లేచేవి. నేను తొంగిచూస్తే "దగ్గరికి రాకురా!" అని అరిచేవాడు. సున్నానికి నీళ్ళు తగిలితే భగ్గుమంటుందని అప్పుడు మనసులో పడింది. నిజానికి అలా ఉడికేది బట్టీలో కాల్చిన సున్నపురాయి, అంటే కాల్షియం ఆక్సైడ్. ఆకులో రాసుకునేది ఎప్పుడో నీళ్ళు తాగి చల్లారిన సున్నం, కాల్షియం హైడ్రాక్సైడ్. దాని మీద కుండెడు నీళ్ళు పోసినా వేడెక్కదు. ఈ సమీకరణం పదో తరగతి పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ రోజు నాకు గుర్తొచ్చింది సమీకరణం కాదు, మా నాయన అరుపు.

ఆటో దొరికి, దగ్గర్లోని డాక్టరు దగ్గరికి చేరేసరికి పాతిక నిమిషాలు. అక్కడ డాక్టరు ఇంకా రాలేదు. ఒక సిస్టరు ఉంది. పిల్లాణ్ణి చూసీ చూడగానే ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్క మాట.

"నీళ్ళు పోసిండ్రా సారూ?"

నేను మాట్లాడలేదు. ఆమె కూడా ఇంకో మాట అనలేదు. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, దెబ్బ తగిలిన కన్ను కిందికి వచ్చేలా తల కుడివైపు తిప్పింది. అలా ఎందుకంటే, కడిగిన నీళ్ళు మంచి కంట్లోకి పారకూడదు. నన్ను వాడి తల గట్టిగా పట్టుకోమని, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి, సెలైన్ బాటిల్ గొట్టంతో కంట్లోకి ధార పెట్టింది. ఒక బాటిల్ అయింది. రెండో బాటిల్ పెట్టింది. వాడు తన్నుతున్నాడు, అరుస్తున్నాడు, నా చొక్కా అంతా తడిసింది. ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు.

సాయంత్రానికి వరంగల్ కంటి ఆసుపత్రిలో ఉన్నాం. అక్కడి డాక్టరమ్మ పై రెప్పను దూదిపుల్ల మీదుగా వెనక్కి తిప్పి చూపించింది. రెప్ప లోపలి మడతలో పెసరగింజంత సున్నం ముద్ద ఇంకా అతుక్కునే ఉంది! మనం పైపైన తుడుస్తుంటే అది లోపల దాక్కుని గంటలుగా పని చేసుకుంటూ పోతోంది. దాన్ని తీసి, మళ్ళీ కడిగి, కింది రెప్ప లోపల ఒక చిన్న కాగితం ముక్క ఆనించింది. నేను బడిలో వాడే లాంటి కాగితమే. నీలంగా మారింది. సున్నంలోని క్షారం ఇంకా ఉందన్నమాట. మళ్ళీ కడిగింది. కాగితం మామూలు రంగుకు వచ్చేదాకా కడుగుతూనే ఉంది.

యాసిడ్ కన్నా సున్నం కంటికి ఎందుకు ప్రమాదమో ఒక్క ముక్కలో చెప్తాను. యాసిడ్ పడితే పాలు విరిగినట్టు పైపొర గడ్డకడుతుంది, ఆ గడ్డే కొంత అడ్డం నిలుస్తుంది. యాసిడ్ మంచిదని కాదు, దానికైనా నీళ్ళే మందు. క్షారం మాత్రం అలా ఆగదు. కణాల్లోని కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోలోపలికి దిగుతుంది. అందుకే దానితో మనకు నిమిషాల్లో లెక్క.

ఇక నల్లగుడ్డు సంగతి. మనం నల్లగుడ్డు అంటాం గానీ పైనున్నది నలుపు కాదు. గడియారానికి అద్దంలాగా కంటికి ముందు ఒక అద్దముంది. డాక్టర్లు కార్నియా అంటారు. మధ్యలో అర మిల్లీమీటరు మందం. అందులో రక్తనాళం ఒక్కటి కూడా లేదు. ఉంటే అద్దం అద్దంలా ఉండదు కదా. దానికి కావలసిన ఆక్సిజన్ గాలి నుంచి, కన్నీటి గుండా అందుతుంది. ఆ అద్దం పైన ఒక పలచటి చర్మం. అది వారం పది రోజులకోసారి పాతది రాలిపోయి కొత్తది వస్తుంది. ఆ కొత్తది వచ్చేది ఎక్కడినుంచి? అద్దం మధ్యలోంచి కాదు. నలుపూ తెలుపూ కలిసే చోట గుండ్రంగా ఒక అంచు ఉంటుంది చూడండి, అక్కడినుంచి. దాన్ని లింబస్ అంటారు. స్టెమ్ సెల్స్ అని పేపర్లో చదువుతుంటాం కదా, మూలకణాలు, అవి ఆ అంచులో కూర్చుని ఉంటాయి. ఎంతకాలమైనా కొత్త కణాలను పుట్టిస్తూ లోపలికి పంపుతూ ఉంటాయి.

దీన్ని నేను పొలం గట్టు అంటాను. గట్టు బాగున్నంత కాలం పొలం పొలంలా ఉంటుంది, గరిక అవతలే ఉంటుంది. గట్టు తెగిందా, గరిక పాక్కుంటూ లోపలికి వచ్చేస్తుంది. మా పిల్లాడి కంట్లో అదే జరిగింది. సున్నం గట్టును కాల్చేసింది. నెలలు గడుస్తుంటే తెల్లగుడ్డు మీది చర్మం, దాంతోపాటు ఎర్రటి రక్తనాళాలు, మెల్లమెల్లగా అద్దం మీదికి పాకాయి. ఊళ్ళో వాళ్ళు "కంట్లో పువ్వేసింది" అన్నారు. వెలుతురు చూడలేడు. బడికి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. వాడి నాయనమ్మ మాత్రం ఆకు వేసుకోవడం మానేసింది.

"సచ్చిపోయినోళ్ళ కన్ను పెడ్తరంట కదా సారూ, అది పెట్టిద్దాం" అని ఆమె నన్ను అడిగింది. మంచి ప్రశ్నే. ఆ ఆపరేషన్ కథలో కూడా సున్నం ఉంది. 1905 డిసెంబర్ 7న, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న ఓలొమౌత్స్ అనే ఊళ్ళో ఎడువర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నం పడి రెండు కళ్ళూ పోయిన ఒక కూలీకి, దెబ్బ తగిలి తీసేయాల్సి వచ్చిన ఒక పదకొండేళ్ళ పిల్లాడి కంటి నుంచి కార్నియా తీసి పెట్టాడు. ఒక కంట్లో పెట్టింది నిలవలేదు, రెండో కంట్లోది నిలిచింది. మనిషి మనిషికి కార్నియా మార్చి గెలిచిన మొదటి ఆపరేషన్‌గా దాన్ని చెప్పుకుంటారు. కానీ కాలిన కళ్ళలో కొత్త అద్దం పెట్టినా తరచూ మళ్ళీ మసకబారిపోవడం తర్వాత డాక్టర్లు చూశారు. గట్టు లేకుండా కొత్త మట్టి పోస్తే ఏం లాభం? గరిక మళ్ళీ వస్తుంది. ముందు గట్టు వెయ్యాలి.

గట్టు వెయ్యడమెలా అన్నదే అసలు కథ. నాకు బాగా ఇష్టమైన కథ. ఇది మన హైదరాబాద్‌లో నడిచింది కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఇష్టం.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే ఇద్దరు డాక్టర్లు, మంచి కంటి గట్టులోంచి ముక్కలు తీసి చెడిన కంటికి వెయ్యొచ్చని చూపించారు. బాగానే ఉంది గానీ ముక్కలు పెద్దవి. మంచి కన్నుకేమైనా అయితే? 1997లో ఇటలీలో పెల్లెగ్రీని బృందం ఇంకో దారి తొక్కింది. కొంచెం కణాలు తీసుకుని ప్రయోగశాలలో పెంచి, పొరలా అయ్యాక కంటికి వేశారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టినది, సినిమాల ఎల్.వి. ప్రసాద్ గారు విరాళమిస్తే ఆయన పేరే పెట్టారు. దాని శాఖ ఒకటి మన బాసర పక్కన ముథోల్‌లో కూడా ఉంది. ఆ ఆసుపత్రిలో అప్పటి కార్నియా సర్జన్ డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి 2001 నుంచి ఈ కణాలను పెంచి వెయ్యడం మొదలుపెట్టారు. ఆ పనికి 2006లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

అంత పెద్ద బహుమతి వచ్చాక మామూలుగా మనిషి ఏం చేస్తాడు? అదే పద్ధతిని పట్టుకుని కూర్చుంటాడు. ఈయన అలా కూర్చోలేదు. కణాలు పెంచాలంటే ప్రయోగశాల కావాలి, పది పధ్నాలుగు రోజులు కావాలి, ఖర్చు కావాలి. కాలిన కళ్ళతో వచ్చేదేమో కూలీలు, పిల్లలు. అసలు ఆ ప్రయోగశాల ఎందుకు, కంట్లోనే పెరగనిస్తే పోదా అన్నది ప్రశ్న. 2012లో ఆయనా, సయన్ బసూ, డాక్టర్ డి. బాలసుబ్రమణియన్ మొదలైనవాళ్ళూ కలిసి ఆ కొత్త పద్ధతిని ప్రకటించారు. దాని పేరు స్లెట్. ఇంగ్లీషులో సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్ అనే నాలుగు మాటలకు పొట్టిపేరు, గట్టు కణాలను సులువుగా తెచ్చి నాటడం అన్నమాట. అందులో మొదటి అక్షరానికి అర్థం సింపుల్. పేరులోనే సింపుల్ అని పెట్టుకున్న ఆపరేషన్ నాకు ఇంకోటి తెలియదు.

మా పిల్లాడికి చేసింది అదే. కన్ను ఎరుపు తగ్గి నెమ్మదించేదాకా దాదాపు ఏడాది ఆగి, హైదరాబాద్ తీసుకెళ్ళాం. ఆపరేషన్‌కు ముందు రోజు అక్కడి కుర్ర డాక్టరు నాయనమ్మకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. పక్కన నేనూ ఉన్నాను.

"అవ్వా, ముందు ఈ చెడిన కంటి మీద పాకిన పొరనంతా గీకి తీసేస్తాం. తర్వాత మంచి కంటి అంచులోంచి ఇంత ముక్క తీసుకుంటాం" అన్నాడు. ఇంత అంటే రెండు మిల్లీమీటర్లు పొడవు, రెండు మిల్లీమీటర్లు వెడల్పు. నువ్వుగింజ పాటిది. మంచి కన్నుకు దానివల్ల నష్టమేమీ ఉండదన్నాడు. "శుభ్రం చేసిన కంటి మీద మాయపొర పరుస్తాం" అన్నాడు.

"మాయనా?" అంది నాయనమ్మ.

మాయే. కాన్పులో బిడ్డ తర్వాత వచ్చే మాయ. మన దగ్గర గుంట తీసి పూడ్చిపెడతాం. దాని లోపలి పొర గాజుకాగితంలా పలచగా ఉంటుంది. ఆపరేషన్ కాన్పులైన తల్లుల నుంచి, వాళ్ళు ఒప్పుకుంటే తీసుకుని, జబ్బులేమీ లేవని పరీక్షలు చేసి, శుభ్రం చేసి దాచిపెడతారు. వాపు తగ్గిస్తుంది, కణాలు దాని మీద బాగా పాకుతాయి. ఆ పొరను ఫిబ్రిన్ జిగురుతో కంటికి అతికిస్తారు. అది కూడా రక్తంలో గడ్డకట్టే పదార్థంతో చేసిన జిగురే. ఇక ఆ నువ్వుగింజ ముక్కను ఎనిమిది నుంచి పది ముక్కలు చేస్తారు. ఊహించండి, నువ్వుగింజను పది ముక్కలు! వాటిని మాయపొర మీద, మధ్యభాగం వదిలేసి, గుండ్రంగా ఎడం ఎడంగా పేర్చి, మీద జిగురు చుక్క వేసి, మెత్తటి కాంటాక్ట్ లెన్స్ ఒకటి కట్టులా పెడతారు. అంతే. ఆ ముక్కల్లోంచి కణాలు బయల్దేరి, ఒకదాన్నొకటి కలుసుకుని, అద్దమంతా కప్పేస్తాయి.

నాయనమ్మ అంతా విని, కాసేపు ఆ బొమ్మనే చూసి, అంది. "గింతేనా బిడ్డా? మొదట్ల నారు పోసి నాటేసెటోళ్ళు. ఇప్పుడు పొలంలనే వెదజల్లుతున్రు. గట్లనే కదా?"

డాక్టరు నా వైపు చూశాడు. పట్నం పిల్లాడు, వెదజల్లడమంటే తెలియదు. నేను చెప్పాను. ప్రయోగశాలలో కణాలు పెంచడం నారుమడి, తీసుకొచ్చి కంటికి వెయ్యడం నాటు. స్లెట్‌లో నారుమడి లేదు, నేరుగా పొలంలోనే విత్తనం. కూలి ఖర్చు తగ్గుతుందని మన రైతులు ఏ లెక్క వేశారో, అక్కడ సర్జన్లూ ఆ లెక్కే వేశారు. ఇన్నేళ్ళు సైన్సు చెప్పిన నాకు తట్టని పోలిక నాట్లేసి నడుం వంగిన మనిషికి తట్టింది.

మొదట ప్రకటించినప్పుడు ఆరుగురికి చేసి చూపించారు. ఆరు వారాల్లో ఆరుగురి కళ్ళకూ కొత్త పొర కుదురుకుంది. తర్వాత 2016లో 125 మంది ఫలితాలు ప్రకటించారు. వాళ్ళలో సగానికి దగ్గరగా పిల్లలే. 76 శాతం మందిలో పొర నిలిచింది. అంటే నలుగురిలో ముగ్గురు. నాలుగో మనిషికి నిలవలేదు, అది కూడా చెప్పాలి. రెండు కళ్ళూ కాలిపోతే తీసుకోవడానికి తన మంచి గట్టే ఉండదు, అప్పుడు వేరేవాళ్ళ నుంచి తెచ్చి, ఒంటికి పడేలా మందులు వాడుతూ ఉండాలి. అదొక పెద్ద తంటా.

ఇక్కడొక పక్కమాట. స్టెమ్ సెల్ అనే మాట ఇప్పుడు బాగా అమ్ముడుపోతోంది. మోకాళ్ళకంటారు, షుగరుకంటారు, బట్టతలకంటారు. కంటి గట్టు కణాల సంగతి వేరు. వాటి పనేమిటో, ఎక్కడుంటాయో, ఎంతమందికి పనిచేసిందో, ఎంతమందికి చెయ్యలేదో అచ్చులో ఉంది. అలా అచ్చులో లేని చోట లక్షలు కట్టమంటే కాస్త ఆగండి.

పిల్లాడి దగ్గరికి వద్దాం. ఆపరేషనైన కొన్ని వారాలకు చూపించడానికి వెళ్ళినప్పుడు కంట్లో పసుపురంగు మందుచుక్క వేసి నీలి లైటు పెట్టారు. పైపొర ఎక్కడైనా తెగి ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. కాలిన కొత్తలో వాడి కన్ను మొత్తం చిలకపచ్చగా మెరవడం నేను చూశాను. ఈసారి డాక్టరు నన్ను కూడా కంప్యూటర్ తెరలో చూడమన్నాడు. ఎక్కడా పచ్చ లేదు. ముక్కలు వేసిన చోట చిన్న చిన్న తెల్ల చుక్కలు, గుండ్రంగా. నేను లెక్కపెట్టాను, తొమ్మిది.

చూపు మొత్తం రాలేదు. లోపలి పొరలో మసక కొంత మిగిలింది. ఆ కంటితో మూడో బెంచీ నుంచి బోర్డు మీది పెద్దక్షరాలు చదువుతాడు, చిన్నవి చదవలేడు. అదే కన్ను ఆపరేషన్‌కు ముందు వెలుతురు చూడలేక మూసుకుని ఉండేది. అయినా నాకో లెక్క ఇప్పటికీ తెగదు. ఆ పాతిక నిమిషాలూ బోరింగు కింద ఉండి ఉంటే ఎంత మిగిలేదో?

అందుకే ఇంత దూరం తీసుకొచ్చి చెప్పేది ఒక్కటే. కంట్లో సున్నం పడితే ముందు నీళ్ళు. ముందు నీళ్ళు, తర్వాత ఆటో. యాసిడ్ పడినా, పత్తికి కొట్టే మందు పడినా, బాత్‌రూంలు కడిగేది పడినా అంతే. ఏ నీళ్ళు? తాగే నీళ్ళు ఏవైనా సరే. నల్లా, బోరింగు, క్యాను, బాటిల్. శుద్ధిచేసిన నీళ్ళ కోసం వెతకొద్దు. తల దెబ్బ తగిలిన కంటివైపు వంచి, రెప్పలు వేళ్ళతో విడదీసి, ధార పొయ్యాలి. ఎంతసేపు? కనీసం అరగంట. అరగంట అంటే గడియారం చూసి అరగంట, మనకు అరగంటలా అనిపించింది కాదు. పిల్లాడు కన్ను తెరవడు, తెరవనివ్వడు. తువ్వాలలో చేతులతో సహా చుట్టి ఒకరు పట్టుకోవాలి, ఒకరు పొయ్యాలి. సున్నం ముద్ద కనిపిస్తే తడిగుడ్డ కొసతో మెల్లగా తియ్యండి, రుద్దకండి. కాల్చిన రాయి పొడి పడిందా, ముఖం మీది పొడిని దులిపేసి వెంటనే బాగా నీళ్ళు పొయ్యండి. కొంచెం నీళ్ళు చిలకరించి వదలొద్దు, ధారే పొయ్యాలి. సున్నానికి విరుగుడు నిమ్మరసం అని ఎవరైనా అంటే వినకండి, రసాయనశాస్త్రం మాస్టారుగా చెప్తున్నా, ఆ లెక్క పరీక్షనాళికలో వెయ్యాలి, కంట్లో కాదు. నూనె వద్దు, పాలు వద్దు, పసరు వద్దు. కడగడం అయ్యాకే ఆసుపత్రి. దారిలో కూడా బాటిల్‌తో పోస్తూ వెళ్తే ఇంకా మంచిది.

నేను రిటైరయ్యే దాకా ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం బోరింగు దగ్గర ఈ పాఠం చెప్పేవాణ్ణి. ఒక పిల్లాణ్ణి పడుకోబెట్టి, ఇంకొకడితో చెంబుతో పోయించేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు, బట్టలు తడిసేవి, హెడ్‌మాస్టారు విసుక్కునేవాడు.

మొన్న సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ మళ్ళీ ఆకు వేసుకుంటోంది. పాకెట్లు కొనడం లేదు, మూత బిగుతుగా ఉండే ఇత్తడి డబ్బీ ఒకటి తీసుకుందట. దాన్ని పిల్లలకు అందకుండా దూలం మీద పెడుతుంది. పెట్టడమైతే అప్పుడెప్పుడో పెట్టింది గానీ, ఇప్పుడు నడుం వంగి తనకే అందడం లేదు. అన్నం తిన్నాక "ఒరేయ్" అని పిలిచింది. వాడు లేచి, మడమలు కూడా ఎత్తకుండా చెయ్యి చాచి డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆకుకు సున్నం రాసుకునే దాకా పక్కనే నిలబడి, మూత తనే బిగించి, మళ్ళీ దూలం మీద పెట్టాడు.